కచేరి దగ్గరైనా మెట్టు దూరమే
ప్రభుత్వ భవనాల్లో వాలుబాట వికలాంగుల హక్కు - చట్టం పెట్టిన గడువు ఎన్నడో దాటిపోయింది

ఆలంపూర్: తుంగభద్ర ఒడ్డున ఉన్న ఈ పట్టణానికి సర్కారు కచేరి అంచెలంచెలుగా దగ్గరవుతూ వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రం ఉన్న రోజుల్లో ఆలంపూర్ తాలూకా రాయచూరు జిల్లాలో ఉండేది. జిల్లా అధికారులతో ఏ పని పడినా జనం రాయచూరు దారి పట్టవలసిందే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి పోగా, ఆలంపూర్, గద్వాల తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. ఆ జిల్లా కేంద్రమూ వంద కిలోమీటర్లకు పైబడిన దూరమే. 1985లో తాలూకాలు పోయి మండలాలు రావడంతో చిన్నచిన్న పనులు మండల కేంద్రంలోనే తెమిలే అవకాశం కలిగింది. 2016 అక్టోబరు 11న, విజయదశమి రోజున, జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడింది. ఆ తర్వాత ఆలంపూర్ మునిసిపాలిటీ కూడా అయింది.

ఆ విధంగా అరవయ్యేళ్లలో ప్రభుత్వం రాయచూరు నుంచి మన వీధిలోకి వచ్చింది. అయితే నడవలేని మనిషికి, చూపు లేని మనిషికి చివరి దూరం ఒకటి ఇంకా మిగిలే ఉన్నది. అది కిలోమీటర్లలో కొలిచేది కాదు. కార్యాలయం గేటుకూ, లోపల గుమాస్తా కూర్చున్న బల్లకూ మధ్య ఉన్న దూరం అది. అందులో మూడు మెట్లుంటాయి, ఒక గడప ఉంటుంది, ఒక ఇరుకు తలుపు ఉంటుంది. మిగతా జనానికి అవి కంటికి కూడా ఆనవు. చక్రాల కుర్చీలో వచ్చిన వ్యక్తికి మాత్రం కచేరి అక్కడితో ఆఖరు.

ఎవరో ఒకరు వెళితే చాలదు

'ఆయన రాలేకపోతే ఇంట్లోవాళ్లు వచ్చి పని చేయించుకోవచ్చు గదా' అని తేలికగా అనేవారు లేకపోలేదు. కాని ఈ రోజుల్లో చాలా పనులకు మనిషి స్వయంగా హాజరు కావలసి ఉంటుంది. వేలిముద్ర వేయాలి, ఫోటో దిగాలి, సంతకం చేయాలి. వైకల్య నిర్ధారణ శిబిరానికి పోవాలి. ధ్రువపత్రం చేతికి వచ్చిన తర్వాతనే పింఛను. రాష్ట్రంలో 2014లో ఆసరా పథకం మొదలైనప్పుడు వికలాంగుల పింఛను నెలకు 1,500 రూపాయలుగా ఉండగా, 2023లో అది 4,016 రూపాయలకు చేరింది. పింఛను పెరగడం మంచిదే. అయితే దానికి సంబంధించిన కాగితం కోసం, పేరు దిద్దుబాటు కోసం, ఆగిపోయిన పింఛను తిరిగి రాబట్టుకోవడం కోసం ఎక్కవలసినవి ఆ మెట్లే.

భూమి ఉన్న రైతుల సంగతి మరొకటి. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు కార్యాలయాల్లోనే జరుగుతున్నాయి. అమ్మేవారు, కొనేవారు, సాక్షులు అక్కడికే రావాలి. తండ్రి భూమిలో వాటా రావలసిన వికలాంగుడు సంతకం చేయడానికి ఆ గడప దాటవలసిందే. దాటలేని పక్షంలో అతని తరఫున మరొకరు ముందుకు రావడం, క్రమంగా ఆ భూమి మీద పెత్తనం కూడా వారిదే కావడం పల్లెల్లో ఎవరికీ కొత్త విషయం కాదు. కనుక మెట్టు దగ్గర ఆగేది మనిషి ఒక్కడే కాదు, అతని ఆస్తి హక్కు కూడా అక్కడే ఆగుతుంది.

ఈ చిక్కును బ్రిటిషు కాలపు చట్టం సైతం గుర్తించింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 38వ సెక్షను ప్రకారం, శరీర దౌర్బల్యం వల్ల కార్యాలయానికి రాలేని వ్యక్తికి స్వయంగా హాజరు కావడం నుంచి మినహాయింపు ఉన్నది. అటువంటప్పుడు అధికారి ఆ వ్యక్తి ఇంటికి వెళ్లవచ్చు, లేదా విచారణకు మరొకరిని పంపవచ్చు. మంచాన పడిన వారికి ఇది మేలైన ఏర్పాటు. అయితే రాగలిగి ఉండి, కేవలం మెట్ల వల్ల లోపలికి పోలేని వారిని కూడా ఇంట్లో కూర్చోమనడం న్యాయం కాదు.

మెట్టు తప్పు కాదు

ప్రభుత్వ భవనాలకు ఇన్ని మెట్లు ఎందుకున్నవని అడిగితే సమాధానం సులభమే. వాననీరు, పురుగూ పుట్రా లోపలికి రాకుండా నేలకంటె ఒకటిన్నర, రెండడుగుల ఎత్తున పునాది లేపి కట్టడం మన పద్ధతి. నదీతీరంలో ఆ జాగ్రత్త మరీ అవసరం. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగినప్పుడు కర్నూలు నగరంతో పాటు ఈ ప్రాంతం ఎంత కష్టం అనుభవించిందో జనం మరచిపోలేదు. కాబట్టి ఎత్తు అరుగును తప్పుపట్టడానికి లేదు. ఆ అరుగు పక్కన ఒక వాలుబాట కట్టకపోవడమే తప్పు.

వాలుబాట అంటే సిమెంటుతో ఏదో ఒక జారుడుబండ పోయడం కాదు. దానికి లెక్క ఉన్నది. కేంద్ర ప్రభుత్వం వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. ఆరేసి అంగుళాల మెట్లు మూడున్నచోట ఎత్తు అడుగున్నర. అంటే బాట పద్దెనిమిది అడుగులు సాగాలి. వెడల్పు 1,200 మిల్లీమీటర్లు, మన లెక్కలో నాలుగడుగులు. రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలు ఉండాలి. పైకి చేరిన తర్వాత తలుపు ముందు చక్రాల కుర్చీ తిరగడానికి అయిదడుగుల చదును స్థలం కావాలి. తలుపు తెరిస్తే మూడడుగుల సందు ఉండాలి.

చాలాచోట్ల జరుగుతున్నది వేరు. భవనం అంతా పూర్తయిన తర్వాత ఎవరో గుర్తు చేయగా, మెట్ల పక్కన మిగిలిన అయిదారడుగుల జాగాలో సిమెంటు పోసి 'ర్యాంపు' అని అంచనాల్లో చూపిస్తారు. అడుగున్నర ఎత్తుకు ఆరడుగుల పొడవంటే నాలుగింట ఒక వంతు వాలు. ఆ వాలు మీద చక్రాల కుర్చీని ఒంటరిగా ఎక్కించడం ఎవరి తరమూ కాదు. దిగేటప్పుడు కుర్చీతో సహా ముందుకు పడే ప్రమాదం కూడా ఉన్నది. పైగా అటువంటి బాటకు అడ్డంగా మోటారు సైకిళ్లు నిలపడం, పూలకుండీలు పెట్టడం మామూలు. కాగితం మీద ర్యాంపు ఉన్నది, కాలు పెట్టడానికి లేదు.

జాగా చాలదనే సాకు కూడా నిలవదు. పద్దెనిమిది అడుగులు ఒకే వరుసలో సాగాలని నియమం లేదు. సగం దూరం పోయి, మధ్యలో చదును స్థలం కట్టి, అక్కడినుంచి వెనక్కు తిప్పుకోవచ్చు. ముందు వైపు వీలు కాకపోతే పక్క తలుపు వైపు కట్టవచ్చు. అయితే ఆ పక్క తలుపు తాళం వేసి ఉండకూడదు. బాట ఎటువైపు ఉన్నదో గేటు వద్దనే బాణం గుర్తు వేసి చూపాలి.

బాట ఒక్కటే చాలదు

దూరపు బస్సులో వచ్చేవారు జాతీయ రహదారి మీది ఆలంపూర్ చౌరస్తాలో దిగుతారు. అక్కడినుంచి మరో బండి పట్టుకొని పట్టణంలోకి రావాలి. బస్సు మెట్టు ఎత్తు, ఆటోలో ఇరుకు, కార్యాలయం ఎదుట కంకర - ఇవన్నీ దాటుకొని వచ్చిన తర్వాత గాని ర్యాంపు ప్రసక్తి రాదు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ప్రయాణం వృథా. కనుక కార్యాలయం గేటు నుంచి గుమాస్తా బల్ల వరకు ఉన్న దారిని ఒకే పనిగా చూడాలి.

మన ప్రాంతంలో చక్రాల కుర్చీ కంటె చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిలే ఎక్కువ కనిపిస్తుంది. అది ఏ తలుపులోనూ పట్టదు. దానిని బయట వదిలి, చేతుల మీద పాకుతూ లోపలికి పోయేవారున్నారు. అందువల్ల ప్రతి కార్యాలయంలో కనీసం ఒక చక్రాల కుర్చీ గేటు దగ్గర సిద్ధంగా ఉండాలి, గదిలో పెట్టి తాళం వేయకూడదు. మూడు చక్రాల బండి నిలుపుకోవడానికి నీడపట్టున కొంత జాగా కేటాయించాలి.

చంకకర్రలతో నడిచేవారికి నునుపు బండలే శత్రువులు. వానాకాలంలో వసారా తడిస్తే కర్ర జారుతుంది. గరుకు బండలు పరిస్తే ఈ బాధ తప్పుతుంది. చూపు లేనివారికి గుమ్మం ఎక్కడున్నదో కాలికి తెలిసేలా వేరు రకం బండ వేయాలి. వసారాలో నడకకు అడ్డంగా బెంచీలు, బీరువాలు ఉండకూడదు. వినికిడి లేనివారికి పేరు పెట్టి పిలిస్తే ప్రయోజనం లేదు, వరుస సంఖ్య కంటికి కనిపించేలా బోర్డు మీద చూపాలి. అర్జీలు తీసుకునే కిటికీ నిలబడిన మనిషి ఎత్తుకే ఉంటే కుర్చీలో కూర్చున్నవారి మొహం లోపలివారికి కనబడదు. ఒక బల్ల కింది ఎత్తులో ఏర్పాటు చేస్తే సరిపోతుంది.

మరుగుదొడ్డి సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పరు. రోజంతా కచేరి వద్ద నిరీక్షించవలసి వస్తుందని తెలిసి, ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం మానేసి వచ్చే వికలాంగ స్త్రీల అవస్థ వర్ణించ పని లేదు. తలుపు బయటికి తెరుచుకునేలా, లోపల పట్టుకోవడానికి కమ్మీలు ఉండేలా, కుర్చీ తిరిగేటంత వెడల్పుతో ఒక్క గది కట్టినా ఎంతో మేలు.

ఇక మేడ మీద ఉన్న కార్యాలయాల విషయం. లిఫ్టు పెట్టే స్తోమత లేని చిన్న ఆఫీసుల్లో ఒక సులభోపాయం ఉన్నది. జనంతో పని ఉన్న విభాగాలన్నిటినీ కింది అంతస్తుకు దించి, దస్త్రాల గదులను పైకి మార్చవచ్చు. దీనికి నిధులు అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు.

చట్టం చెప్పినదేమిటి?

ఐక్యరాజ్య సమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించినప్పుడు ఈ సమస్య గురించి దేశంలో మాట వినిపించింది. మన పార్లమెంటు 1995లో వికలాంగుల చట్టం చేసింది. ప్రభుత్వ భవనాల్లో ర్యాంపుల ప్రస్తావన అందులోనే వచ్చింది. అయితే ఆర్థిక స్తోమతను బట్టి అన్న మాట కూడా పక్కనే ఉండటంతో, స్తోమత లేదని చెప్పి తప్పుకోవడానికి సందు దొరికింది.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఆ సందు మూసివేసింది. పాత చట్టంలో 7 రకాలుగా ఉన్న వైకల్యాలను 21కి పెంచింది. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి రాగా, అదే ఏడాది జూన్‌లో నియమావళి వెలువడింది. 44వ సెక్షను ప్రకారం, నియమాల ప్రకారం వసతులు చూపని నక్షాకు భవన నిర్మాణ అనుమతి ఇవ్వరాదు. వసతులు కల్పించని భవనానికి పూర్తయినట్లు ధ్రువపత్రం ఇవ్వరాదు. 45వ సెక్షను ఇంకా ముఖ్యమైనది. అప్పటికే ఉన్న ప్రజోపయోగ భవనాలన్నిటినీ నియమావళి వచ్చిన నాటి నుంచి అయిదేళ్లలోగా వికలాంగులకు అందుబాటులోకి తేవాలని అది శాసించింది. ఆసుపత్రులు, పాఠశాలలు, బస్టాండ్ల వంటి అత్యవసర స్థలాల కోసం ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు ప్రాధాన్య క్రమంలో కార్యాచరణ ప్రణాళిక తయారుచేసి ప్రచురించాలని కూడా అదే సెక్షను చెబుతున్నది.

ఆ అయిదేళ్లూ 2022 జూన్‌తో ముగిశాయి. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే పదివేల రూపాయల వరకు, మళ్లీ ఉల్లంఘిస్తే యాభై వేల నుంచి అయిదు లక్షల రూపాయల వరకు జుర్మానా విధించే వీలు 89వ సెక్షనులో ఉన్నది. ప్రతి ప్రభుత్వ సంస్థలో వికలాంగుల ఫిర్యాదులు వినడానికి ఒక అధికారిని నియమించాలని 23వ సెక్షను చెబుతున్నది. ఆ అధికారి ఎవరో బోర్డు మీద రాసి ఉన్నప్పుడే ఆ నియమానికి అర్థం.

సుప్రీం కోర్టు ఏమన్నది?

చూపు లేని పౌరుడు రాజీవ్ రతూరి సుప్రీం కోర్టుకు వెళ్లి, రోడ్లు, భవనాలు, రవాణా వికలాంగులకు అందుబాటులో ఉండాలని కోరారు. 2017 డిసెంబరు 15న కోర్టు గడువులతో కూడిన ఆదేశాలిచ్చింది. అమలు ఎంతవరకు వచ్చిందో పరిశీలించే బాధ్యత హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వికలాంగుల అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదిక అందిన పిమ్మట 2024 నవంబరు 8న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. చట్టం తప్పనిసరి అన్నదానిని 2017 నియమావళిలోని 15వ నియమం కేవలం సలహాల స్థాయికి దించిందని, అందువల్ల ఆ నియమం చట్టానికి విరుద్ధమని కోర్టు తేల్చింది. తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను వేరుచేసి మూడు నెలల్లో నియమాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

ఈ తీర్పు సారం ఒక్కటే. వాలుబాట కట్టడం ఎవరి దయా కాదు, వీలైతే చేసే పని అసలే కాదు. అది విధి.

పోలింగు నాడు వచ్చే బాట

చేయదలుచుకుంటే చేయవచ్చునన్న సంగతి ఎన్నికలు రుజువు చేశాయి. 2018ని ఎన్నికల సంఘం వికలాంగులకు అందుబాటు ఎన్నికల ఏడాదిగా భావించింది. ఆ డిసెంబరు 7న జరిగిన తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో పోలింగు కేంద్రాలకు ర్యాంపులు, చక్రాల కుర్చీలు సమకూర్చారు. తోడుగా స్వచ్ఛంద సేవకులను నిలిపారు. 2023 ఎన్నికల్లో నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ఇంటివద్దనే ఓటు వేసే అవకాశం కూడా కల్పించారు.

అయిదేళ్లకొకసారి ఓటు కోసం కుర్చీ తెచ్చి, బాట వేసి, చేయి పట్టి తీసుకుపోయిన వ్యవస్థ, మర్నాడు అదే మనిషి పింఛను కోసం వస్తే మెట్ల కింద నిలబెట్టడం ఎంతమాత్రం సబబు కాదు. పోలింగు కేంద్రాల్లో అధిక భాగం ప్రభుత్వ పాఠశాలలే. అడ్డంకులు లేని ప్రవేశం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం కూడా పాఠశాలలకు నిర్దేశించింది. అక్కడ కట్టిన బాటలు ఎన్ని నిలిచి ఉన్నవో, ఎన్ని కొలత ప్రకారం ఉన్నవో చూస్తే తక్కిన కార్యాలయాలకు అదే నమూనా అవుతుంది.

మరికొన్ని కార్యాలయాల్లో అధికారులే బయటికి వచ్చి వికలాంగుల అర్జీలు తీసుకునే మంచి ఆచారం ఉన్నది. అటువంటి అధికారులను మెచ్చుకోవలసిందే. కాని అధికారి బదిలీ అయితే ఆచారం కూడా బదిలీ అవుతుంది. సిమెంటు బాటకు బదిలీ లేదు.

రాళ్లను కదిలించిన ఊరు

ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాలకు, జోగులాంబ శక్తిపీఠానికి ప్రసిద్ధి. బాదామి చాళుక్యులు కట్టించిన ఆ ఆలయాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. వాటి మెట్లను, గడపలను ఇష్టం వచ్చినట్లు తాకడానికి వీల్లేదు. పదమూడు వందల ఏళ్ల కట్టడానికి ఆ పరిమితి ఉండటం న్యాయమే. నిన్న మొన్న కట్టిన కచేరీకి ఆ పరిమితి ఏదీ లేదు.

మరొక సంగతి కూడా ఈ ఊరివారికి తెలిసిందే. శ్రీశైలం జలాశయంలో మునిగిపోనున్న కూడలి సంగమేశ్వరాలయాన్ని, పాపనాశి ఆలయాలను ఊడదీసి, రాయి రాయిగా తరలించి, ఆలంపూర్ పరిసరాల్లో తిరిగి నిలబెట్టారు. ఏ రాయి ఎక్కడ ఉండాలో లెక్క తప్పకుండా పెట్టిన ఇంజనీరింగు నైపుణ్యం అది. గుళ్లకు గుళ్లనే కదిలించగలిగిన చోట, కార్యాలయం పక్కన పద్దెనిమిది అడుగుల బాట వేయడం చేతకాని పని అంటే ఎవరూ నమ్మరు.

పుష్కరాలకు, శివరాత్రికి, దసరాకు వచ్చే యాత్రికుల్లో వృద్ధులే ఎక్కువ. 2020 నవంబరులో తుంగభద్ర పుష్కరాలు జరిగాయి, అవి పన్నెండేళ్లకొకసారి వచ్చేవి. ఘాట్లు, వసతి గదులు, మరుగుదొడ్లు కట్టే ప్రతి సందర్భంలో ఈ కొలతలు అంచనాల్లోనే చేరితే అదనపు ఖర్చు నామమాత్రం. కట్టిన తర్వాత పగలగొట్టి మళ్లీ కట్టడమే నష్టం.

చేయవలసిన పని

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో పల్లెల్లో ఉన్నవారే ఎక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 22 లక్షలకు పైగా తేలింది. అప్పటికి లెక్కలో లేని వైకల్యాలు 2016 చట్టంతో చేరాయి. మోకాళ్ల నొప్పులతో బాధపడే ముసలివారు, నిండు గర్భిణులు, కాలు విరిగి కట్టు కట్టించుకున్నవారు ఏ లెక్కలోనూ లేరు. వాలుబాట వారందరికీ పనికివస్తుంది. ఇప్పుడు ప్రభుత్వ కాగితాల్లో వికలాంగులను దివ్యాంగులు అంటున్నారు. పేరు మారినంత సులభంగా గుమ్మం మారడం లేదన్నదే అసలు బాధ.

ఆలంపూర్ మునిసిపాలిటీ, చుట్టుపట్ల మండల కార్యాలయాలు, గ్రామ పంచాయతీలు ముందుగా చేయదగిన పని ఒకటున్నది. ఒక టేపు, ఒక కాగితం, ఒక చక్రాల కుర్చీ, దానిలో కూర్చొని నిత్యం తిరిగే ఒక వ్యక్తి - ఈ నాలుగింటితో ప్రతి భవనాన్నీ గేటు నుంచి బల్ల దాకా పరిశీలించాలి. ఏ భవనంలో ఏది లేదో జాబితా రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఏ పని ఏ నెలలో పూర్తవుతుందో దాని పక్కనే రాయాలి. మొదట జనం ఎక్కువగా వచ్చే ఆసుపత్రి, తహసీల్దారు కార్యాలయం, మునిసిపల్ కార్యాలయం, బస్టాండు చేపట్టి, తరువాత మిగతావి చూడవచ్చు. కొత్తగా కట్టేవాటి విషయంలో నక్షా దగ్గరే నిక్కచ్చిగా ఉంటే సమస్యే రాదు.

పని పూర్తయినదని ఇంజనీరు సంతకం చేసేముందు చక్రాల కుర్చీలోని వ్యక్తి ఎవరి సాయమూ లేకుండా లోపలికి పోయి, పని చూసుకొని, బయటికి రాగలగాలి. అదే అసలైన ధ్రువపత్రం. రాయచూరు నుంచి మహబూబ్‌నగర్‌కు, అక్కడినుంచి గద్వాలకు ప్రభుత్వం నడిచి వచ్చిన దూరంతో పోలిస్తే ఈ పద్దెనిమిది అడుగులు ఎంత? సంబంధిత అధికారులు, ప్రజాప్రతినిధులు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించవలసి ఉన్నది.